ఏనుగు తోలు నుంచి ఉల్లిపొర దాకా

ఇప్పటికి చేతిలో ఉన్నదేమిటంటే, ముగ్గురు పట్టి లేపినా కదలని తోలు మిషను ఒకటి, మేకుల్లాంటి సూదులు గుప్పెడు, గాలానికి కట్టినా తెగని దారం ఒక కండె, ఊపిరి తగిలితే లేచిపోయే తెల్లగుడ్డ పీలికలు రెండు, అదే గుడ్డలో కత్తిరించిన పసిపిల్లల చొక్కాలు మూడు, సాయంత్రం నాలుగున్నర బస్సు దాకా టైము, ఏ పని మొదలుపెట్టినా ముందు సరుకంతా బల్ల మీద పరిచి చూసుకోవడం నాకలవాటు, బెల్టయినా అంతే, భుజానికి వేసుకునే సంచీ అయినా అంతే, ఏది ఎంత ఉందో తెలియకుండా కత్తెర పట్టుకునేవాడు వ్యాపారం చేయలేడు, ఈసారి పరిచి చూస్తే సరుకులో ఒకటి తక్కువైంది, మా ఆవిడ నాతో మాట్లాడి ఇవాళ్టికి తొమ్మిది రోజులు, మాట్లాడదంటే ఇంట్లో మాటలు లేవని కాదు, ఎప్పటికంటే ఎక్కువే ఉన్నాయి, అన్నీ మా అమ్మ మీదుగా వస్తున్నాయి, ముందు గదిలో కొట్టు, వెనక గదిలో వంట, రెంటికీ మధ్య గుమ్మంలో కుర్చీ వేసుకుని ఎనభై ఏళ్ల మా అమ్మ, అత్తయ్యా, భోజనం పెట్టానని చెప్పండి, ఒరేయ్ భోజనం పెట్టిందట, నాకు వినపడిందమ్మా, నువ్వు ముందే వింటే ఇంక నేనెందుకురా, నేను చెప్పాక విను, ముప్పై ఏళ్లలో కోడలు తనతో ఇన్ని మాటలు మాట్లాడటం ఆవిడకి ఇదే మొదలు, తొమ్మిది రోజుల్లో మనిషి కాస్త ఒళ్లు కూడా చేసింది, ఈ గొడవ తీరకపోతే బాగుండునని కోరుకునే మనిషి ఈ ఇంట్లో ఒకరున్నారంటే అది నన్ను కన్నతల్లి.

తప్పు నాదే అని ఒప్పుకోవడానికి అభ్యంతరం లేదు, ఎవరూ వినకుండా ఒప్పుకోవడానికి, మూడేళ్ల కిందట ఈ తోలు మిషను కొన్నప్పుడు అమ్మేవాడు ఇంట్లో పాత మిషను ఏదైనా ఉంటే మార్పిడికి వేసుకుంటానన్నాడు, ఉంది, కిటికీ దగ్గర మా ఆవిడది, పుట్టింటి నుంచి తెచ్చుకున్న చేతి మిషను, నల్లగా నిగనిగలాడుతూ, మీద బంగారు రంగు పువ్వులు, చెయ్యి ఆనే చోట రెండు పువ్వులు అరిగిపోయి, ఆవిడ వాళ్లక్క ఇంటికెళ్లిన రోజు చూసి బండెక్కించేశాను, తిరిగొచ్చి కిటికీ దగ్గర ఖాళీ చూసి నిలబడిపోయింది, దాని ఆయుష్షు అయిపోయిందే, లోపలంతా తుప్పు, పాత ఇనుముకి పోయింది, అని చెప్పాను, ఇదిగో ఈ కొత్తది చూడు, ఏనుగు తోలు నుంచి ఉల్లిపొర దాకా ఏదైనా కుడుతుంది, నీకేం కావాలన్నా దీని మీదే కుట్టుకో, అని కూడా చెప్పాను, మిషనుతో పాటు వచ్చిన రేకు డబ్బా ఒకటి మూత కూడా తీయకుండా చేతిలో పెట్టి ఇది నీకు అన్నాను, ఇంత మంచి బేరం చేసినవాణ్ణి మెచ్చుకుంటుందేమోనని ఆ మొహం వంక చూస్తూ నిలబడ్డాను, ఆవిడ డబ్బా తీసుకుని లోపలికెళ్లింది, అందులో గుండీలు పోసుకుంది, అంతటితో అయిపోయిందనుకున్నాను, మూడేళ్లు అయిపోయింది కూడా, తొమ్మిది రోజుల కిందట ఎదురు కొట్టు దర్జీ ఎక్కడో పాత మిషను ఒకటి కొని తెచ్చి వీధివైపు బల్ల మీద పెట్టాడు, పొద్దున్నే తిప్పడం మొదలుపెట్టాడు, టకటక టకటక టక్, టకటక టకటక టక్, అయిదో దెబ్బ దగ్గర చిన్న కుంటు, కుంటే మనిషిని అడుగుల చప్పుడుతో పోల్చుకున్నట్టు ఆవిడ పోల్చుకుంది, తడి గిన్నె చేతిలో పట్టుకుని కిటికీ దగ్గర చాలాసేపు నిలబడింది, తర్వాత మా అమ్మ వైపు తిరిగి, పాత ఇనుము బాగానే కుడుతోంది కదా అత్తయ్యా, అంది, అప్పటినుంచి ఆ దారే.

ఇవాళ పొద్దున గుడ్డ వచ్చింది, మా పెద్దమ్మాయికి ఎనిమిదో నెల, నాలుగున్నర బస్సుకి దిగుతోంది, పుట్టబోయే బిడ్డకి మొదటి చొక్కాలు అమ్మమ్మ చేత్తో కుట్టాలని ఆవిడ ఎప్పుడో అనుకుంది, గుడ్డ కూడా ఎప్పుడో దాచింది, వాళ్ల పుట్టింట్లో ముప్పై ఏళ్లు కిటికీకి వేలాడి ఉతికి ఉతికి వెన్నలా మెత్తబడిన నూలు తెర, అలాంటిది ఇంకోటి ఎక్కడా దొరకదు, వాళ్లమ్మా లేదు, ఆ ఇల్లూ లేదు, ఉన్న తెరలో మూడు చొక్కాలే వచ్చాయి, మిగిలింది రెండు పీలికలు, అంతా తెచ్చి మా అమ్మ ఒళ్లో పెట్టింది, అత్తయ్యా, మీ అబ్బాయి మిషను ఉల్లిపొర కూడా కుడుతుందని అన్నారు, ఇది ఉల్లిపొర కంటే మందమే, అమ్మాయి దిగేసరికి కుట్టించి ఇవ్వమనండి, కుట్టలేనంటే ఎదురు కొట్టుకెళ్లి అక్కడేం ఉందో చూసి, అదెలా వెళ్లిందో వచ్చి నాకు చెప్పమనండి, మా అమ్మ ఒక్క అక్షరం వదలకుండా మొత్తం చెప్పి చివర్లో, నేనైతే కుట్టేస్తానురా, వెళ్లి చెప్పడం కష్టం, అని సొంత సలహా కలిపింది.

కుడతాను, ఎందుకు కుట్టను, ఈ మిషను మీద నేను గుర్రపు జీను కుట్టాను, పెట్టె మూలలకి నాలుగు పొరలు కలిపి కుట్టాను, గుడ్డ ఒక లెక్కా, లావు సూది తీసి నా దగ్గరున్న వాటిలో అతి సన్నది పెట్టాను, నైలాను దారం తీసి సన్న నూలుదారం ఎక్కించాను, పాదం మీద బరువు తగ్గించడానికి పైన మర వదులు చేస్తూ పోయాను, అది తోలును అణిచి పట్టే పాదం, వదులు చేసినకొద్దీ ఇంకా ఉంది ఇంకా ఉంది అంటోంది, మొదటి పీలిక కింద పెట్టి మోటారు మీద కాలు ఇలా ఆనించానో లేదో ఖస్సుమని ఒక్క గుక్కలో పీలిక మాయం, సూది దిగే పలకకి కన్నం చిటికెనవేలంత, దాంట్లోంచి గుడ్డని సూది కిందికి తోసేస్తే కింది పళ్లు నమిలి లోపల ఉండచుట్టి కూర్చున్నాయి, ఆవు గడ్డి లాక్కున్నట్టు లాక్కుంది, పటకారుతో బయటికి లాగితే వచ్చింది గుడ్డ కాదు, నానిన రొట్టె ముక్క, ఏమైందిరా అని మా అమ్మ, ఏం కాలేదమ్మా, అమ్మాయ్, ఏం కాలేదట, నేనది చెప్పమనలేదమ్మా, నాకు తెలుసురా, కాకపోతే ఖాళీగా ఉండటం ఎందుకని.

సరే, రెండు పీలికల్లో ఒకటి పోయింది, మిగిలింది ఒకటి, జాగ్రత్త కావాలి, బెల్టులు చుట్టి ఇచ్చే పల్చటి కాగితం గుడ్డ కింద వేశాను, కన్నం మూతపడింది, కుట్టాక కాగితం చింపి తీసేయొచ్చు, మోటారు పిచ్చెత్తిన ఎద్దు, దాన్ని నమ్మి లాభం లేదని బెల్టు ఊడదీసి చక్రం చేత్తో తిప్పడం మొదలుపెట్టాను, ఒక్కో కుట్టు, ఒక్కో కుట్టు, ఈసారి మింగలేదు, కానీ గుడ్డంతా ముడుచుకుని పళ్లు లేని ముసలివాడి నోరులా అయింది, దారం బిగువు ఎక్కువైంది, దాన్ని నొక్కిపట్టే పై బిళ్లలు వదులు చేశాను, చాలలేదు, కింది దారం కండె కూర్చునే బాబిన్ కేసు మీద గింజంత మర ఉంటుంది, దాన్ని పావు చుట్టు తిప్పబోతే మొత్తంగా ఊడి ఎగిరిపోయింది, నేల మీద మోకాళ్లేసి వెతుకుతున్నాను, బల్ల కింద దుమ్ము, తోలు ముక్కలు, ఎప్పుడో పోయిన కళ్లజోడు కాలు, లోపలి గది తలుపు సందులోంచి మా ఆవిడ పాదాలు రెండు కనపడ్డాయి, కదలకుండా ఇటే చూస్తున్న పాదాలు, నేను చూశానని తెలియగానే వెళ్లిపోయాయి, మర మా అమ్మ కొంగు మడతలో దొరికింది, నాకెందుకు చెప్పలేదమ్మా అంటే, ఎవరూ అడగలేదు కదరా అంది.

పదకొండున్నరకి దారం కుదిరింది, కుట్టు నిడివి ఎంత తగ్గుతుందో అంతా తగ్గించాను, చీమల బారులా సన్నగా, వంకర లేకుండా, అటు చూసినా ఇటు చూసినా ఒక్కలా, నా చేత్తో నేను కుట్టిన అన్నిటిలోకీ అందమైన కుట్టు అది, గుడ్డ దుకాణాల వాళ్లు బారులు తీరతారని, కొట్టు బోర్డు మీద ఇంకో వరస రాయించాలని, ఎదురు దర్జీ మొహం ఎలా ఉంటుందో అని ఆలోచనలు ఎక్కడెక్కడికో పోతుండగా చేతులు మాత్రం చక్రం తిప్పుతూనే ఉన్నాయి, పీలికతో సరిపెట్టుకోకుండా మొదటి చొక్కా అందుకున్నాను, రెండు భుజాలు, రెండు పక్కలు, కాగితం మెల్లిగా చింపి తీసి, దులిపి, అరచేతుల మీద పెట్టి మా అమ్మకిచ్చాను, తీసుకెళ్లి చూపించు, చూపించి ఏమనమంటావు, ఏమీ అనొద్దు, చూడగానే తెలుస్తుంది, మా అమ్మ కుర్చీలోంచి లేవకుండానే వెనక్కి అందించింది, మా ఆవిడ అందుకుంది, వెలుతురుకి పెట్టి చూసింది, తలూపింది, తలూపడం నేను చూశాను, తర్వాత పసివాడికి తొడిగేటప్పుడు ఎంత లాగుతామో అంతే, అంతకంటే ఒక్క పిసరు ఎక్కువ కాకుండా, భుజం దగ్గర పట్టి లాగింది, చిర్రుమని కుట్టు వెంట కుట్టు, తపాలా బిళ్ల చింపినట్టు, భుజం, చంక, పక్క, చొక్కా రెండు ముక్కలై చేతుల్లో ఉంది, దారం ఎక్కడా తెగలేదు, గుడ్డే తెగింది, కోపం అయితే నేను తట్టుకునేవాణ్ణి, గొంతు సన్నగా వచ్చింది, అత్తయ్యా, మీ అబ్బాయి కుట్టలేదు, కన్నాలు పెట్టారని చెప్పండి, మా అమ్మ ఈ ఒక్కటీ నాకు చెప్పలేదు.

సూది బయటికి తీసి కిటికీ దగ్గర పట్టుకుని చూశాను, సన్నదే, చాలా సన్నదే, కానీ మొన దగ్గర చిన్న కత్తి, తోలు సూదులన్నీ అంతే, తోలును కోసుకుంటూ దిగాలి, లేకపోతే దిగదు, ముప్పై ఏళ్లుగా నా చేతికి తగిలిన సూదులన్నిటికీ మొన దగ్గర కత్తే ఉంది, సూదంటేనే కోసేదని నా లెక్క, సన్నదీ లావుదీ తేడా చూశాను గాని మొన ఎలాంటిదో చూడలేదు, గుడ్డకి కోసే సూది పనికిరాదు, పోగుల మధ్య దారి అడుక్కుంటూ దూరే గుండుమొన సూది కావాలి, నేనేమో కుట్టు నిడివి తగ్గించి మరీ కోశాను, ఎంత అందంగా కుడితే అంత దగ్గర దగ్గరగా కోశాను, రెండు చొక్కాలున్నాయి, గుండుమొన సూది ఒక్కటీ లేదు, టైము రెండు దాటింది, సూదులు అమ్మే దుకాణానికి ఇవాళ సెలవు, ఉన్నదల్లా వీధికి అవతల ఒక్క మనిషి, ఈ వీధి వెడల్పు పద్దెనిమిది అడుగులు, ఇన్నేళ్లుగా రోజూ దాటుతున్నాను, ఇవాళ దాటడానికి పట్టినంత సేపు ఎప్పుడూ పట్టలేదు.

దర్జీ మెడలో టేపుతో నవ్వుతూ కుర్చీ జరిపాడు, రా అన్నా, ఏనుగు ఏమంటోంది, పొద్దున్నుంచీ దగ్గు వినపడుతోంది, గుండుమొన సూది ఉంటే ఒకటి ఇవ్వవయ్యా అన్నాను గొంతు సవరించుకుని, ఇస్తాను గాని నా సూదులకి కాడ ఒక పక్క చదును, నీ మిషనుకి గుండ్రటి కాడ కావాలి, పట్టదు, అయినా నీ దగ్గర ఉండాలే, ఆ మిషనుతో రేకు డబ్బా ఇస్తారు, అందులో గుడ్డ సూదులు వేస్తారు, ఎప్పుడూ మూత తీయలేదా, నా చూపు అప్పటికే బల్ల మీదికి పోయింది, అక్కడ మా ఆవిడ చేతి మిషను ఉంది, అరిగిపోయిన పువ్వులు రెండూ నన్నే చూస్తున్నాయి, దర్జీ నా చూపు కనిపెట్టాడు, ఇది తెచ్చిన రోజే వదిన వచ్చిందన్నా, చక్రం మీద చెయ్యి పెట్టి ఓసారి తిప్పింది, నేను దారం తప్పుగా ఎక్కించానట, తీసి సరిగ్గా ఎక్కించి, ఒక పీలిక కుట్టి చూసుకుని, కుట్టు బాగుందని తలూపి వెళ్లిపోయింది, అప్పుడే నాకర్థమైంది ఇది ఎవరి ఇంటిదో, అమ్ముతావా అని నా నోటిదాకా వచ్చిన మాట అతనికి ఎలా వినపడిందో, వదిన అడిగితే ఆలోచిస్తాను, నువ్వడిగితే బేరమాడతావు అన్నాడు.

రేకు డబ్బా, గుండీల డబ్బా, లోపలి గదిలో అలమారలో, అంటే అడగాలి, అమ్మ మీదుగా అడిగితే సూది వస్తుంది, సూదితో చొక్కా వస్తుంది, పని అయిపోతుంది, లెక్క ప్రకారం అదే దగ్గరి దారి, నేను ఎప్పుడూ దగ్గరి దారి వదులుకోలేదు, ఏమంటున్నాడురా ఎదురు కొట్టువాడు, ఏం చెప్పమంటావు కోడలికి, అని మా అమ్మ అప్పటికే వెనక్కి తిరుగుతోంది, అమ్మా, కాస్త కుర్చీ జరుపు, నేను లోపలికెళ్లాలి, లోపలికెందుకురా నేనున్నాను కదా, జరుపమ్మా, ఆవిడ ఈ లోకంలో తనకింకెవరూ లేరన్నట్టు నిట్టూర్చి జరిపింది, మా ఆవిడ చిరిగిన చొక్కా ముక్కలు బల్ల మీద పరిచి వీటిలో ఇంకేమొస్తుందా అని కొలుస్తోంది, ఏమే అన్నాను, తల ఎత్తలేదు, అది పాత ఇనుముకి పోలేదు, తుప్పూ లేదు ఏమీ లేదు, బాగున్న మిషనే, నాకు తెలుసు, బేరం తెగుతుందని ఇచ్చేశాను, నిన్ను అడిగితే వద్దంటావని అడగలేదు, నువ్వు ఊళ్లో లేని రోజు చూసి మరీ ఇచ్చేశాను, తర్వాత చెప్పిందంతా అబద్ధం, ఇప్పుడు ఆ రేకు డబ్బా నాకు కావాలి, నువ్వు ఇస్తే తీసుకుంటాను, ఇవ్వనంటే చేత్తో కుడతాను, నాకు చేతికుట్టు రాదు, నేర్చుకుంటాను, అమ్మాయ్, వాడేమంటున్నాడంటే, అని గుమ్మంలోంచి మా అమ్మ మొదలుపెట్టింది, మా ఆవిడ అటు చూడకుండానే చెయ్యెత్తి ఆపింది.

అలమారలోంచి డబ్బా తీసి గుండీలన్నీ పళ్లెంలో గుమ్మరించింది, అడుగున మైనపు కాగితం పొట్లం, విప్పితే అయిదు సూదులు, గుండుమొనవి, గుండ్రటి కాడవి, మూడేళ్ల కిందటివి మచ్చ లేకుండా ఉన్నాయి, ఎవరో నూనె రాసి దాచారు, ఒకసారి కాదు, కాగితం మీద పాత నూనె మరక పక్కన కొత్తది ఉంది, అంటే మూడేళ్లుగా ఈ ఇంట్లో ఈ మిషను గుడ్డ కుట్టడానికి కావలసింది ఉంది, అది ఎక్కడుందో ఒకరికి తెలుసు, ఆవిడని ఎవరూ అడగలేదు, నీకేం కావాలన్నా దీని మీదే కుట్టుకో అన్నవాడు ఆ తర్వాత ఒక్కరోజు కూడా బల్ల ఖాళీ చేసి ఇవ్వలేదు, సూదులు చేతిలో పెట్టుకుని ఆవిడ నా ముందు నడిచింది, మా అమ్మ కుర్చీ దాటింది, మిషను దగ్గరికి వచ్చింది, అలవాటుగా నేను పోయి పీట మీద కూర్చోబోయాను, నా మొహంలోకి చూసి, పక్కకు జరగండి, అంది.

జరిగాను, సూది తాను పెట్టింది, దారం తాను ఎక్కించింది, కాగితం పరిచి గుడ్డ సర్దింది, చక్రం మీరు తిప్పండి, తిప్పాను, మెల్లగా, ఇది తోలు కాదు, మెల్లగా తిప్పాను, ఆగండి, ఆగాను, ఊఁ, ఊఁ అనేది ఒక మాట కిందకే వస్తుందని నా లెక్క, రెండు చొక్కాలు మూడు ముప్పావుకల్లా అయ్యాయి, భుజం దగ్గర పట్టి లాగి చూసింది, పోగు కదల్లేదు, చిరిగిన ముక్కల్లోంచి ఒక టోపీ వచ్చింది, టోపీ అంచు తిప్పుతున్నప్పుడు, రేపు మీరు మళ్లీ ఎదురు కొట్టుకి వెళ్లాలి, అంది, నువ్వు రావాలి, నువ్వడిగితే ఆలోచిస్తాడట, నేనడిగితే బేరమాడతానట అన్నాను, ఆవిడ పెదవి ఒక పక్కకి కదిలింది, ఇంక నాతో పనేముంది, నా కుర్చీ లోపల వెయ్యండి, అని గుమ్మంలోంచి మా అమ్మ, బస్సు వచ్చే వేళ అవుతోంది, చివరి లెక్క చూసుకుంటే పోయినవి పీలికలు రెండు, చొక్కా ఒకటి, సూది గురించి ముప్పై ఏళ్లుగా నాకున్న నమ్మకం ఒకటి, మూడేళ్లుగా మోసిన అబద్ధం ఒకటి, వచ్చినవి చొక్కాలు రెండు, టోపీ ఒకటి, మా ఆవిడ నాతో నేరుగా అన్న మాటలు, పక్కకు జరగండితో రెండు, చక్రం మీరు తిప్పండితో అయిదు, మెల్లగాతో ఆరు, ఇది తోలు కాదుతో తొమ్మిది, ఆగండి పది, ఊఁ పదకొండు, అక్కడిదాకా ఖాయంగా గుర్తుంది, ఆ తర్వాత ఆవిడ దారం కొరికి తల ఎత్తకుండానే ఏదో చెబుతూ పోయింది, అమ్మాయి ఎక్కడ పడుకోవాలో, ఉయ్యాల ఎక్కడ కట్టాలో, కిటికీ దగ్గర చోటు ఎంత ఖాళీ చేయాలో, నేను వింటూ చక్రం తిప్పుతున్నాను, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి లెక్క తప్పాను.